డెల్ఫీన్ ఏడుపు... మేరీ కోపం

ఆ అమ్మాయి మాంసం తినదు. అంతే సంగతి.

సెలవులకు స్నేహితురాలు తమవాళ్లింటికి తీసుకొచ్చింది. ఊరు సముద్రానికి దగ్గర. పెరట్లో పెద్ద బల్ల వేశారు. చుట్టూ చుట్టాలు, పిల్లలు, కబుర్లు. పంది మాంసం ముక్కలు వడ్డిస్తుంటే ఆ అమ్మాయి ‘నాకొద్దండీ’ అంది. ఇక మొదలు! ఎందుకొద్దు? ఎప్పటినుంచి? చేపలైనా తింటావా? మరి ఆకుకూరలకు మాత్రం ప్రాణం లేదా? అడిగేవాళ్లలో ఒక్కరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరి గొంతులోనూ వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నారు. ఆ పిల్ల కూడా ఓపిగ్గానే జవాబు చెబుతుంది. చెబుతున్నకొద్దీ ఇరుక్కుపోతుంది. ఏదో నేరం చేసి సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు తయారవుతుంది వ్యవహారం.

కర్నూలు, కడప వైపు పెళ్లయిన మర్నాటి విందుకు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం అర్థం కావడానికి ఫ్రెంచి భాష రావాల్సిన పనిలేదు. సంగటి ముద్ద పక్కన నాటుకోడి పులుసు పోయబోతుంటే చేయి అడ్డం పెట్టి చూడండి. ‘ఒక్కపొద్దా?’ అంటారు. కాదంటే ‘ఒంట్లో బాగలేదా?’ అంటారు. అదీ కాదంటే వడ్డించే మనిషి గంటె అలాగే పట్టుకుని నిలబడిపోతాడు. పంక్తిలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూస్తారు.

ఆ ఫ్రెంచి అమ్మాయి పేరు డెల్ఫీన్. సినిమా పేరు ‘ల రెయోఁ వేర్’. అంటే ఆకుపచ్చ కిరణం. తీసినాయన ఎరిక్ రోమేర్. 1986లో వెనిస్ చిత్రోత్సవంలో బంగారు సింహాన్ని గెలుచుకుంది. బంగారు సింహం అనగానే భారీ సెట్టింగులూ, వందలమంది జూనియర్ ఆర్టిస్టులూ అనుకుంటారేమో... ఇది చేతిలో పట్టుకుని తిరిగే 16 ఎం.ఎం. కెమెరాతో, వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మందితో తీసిన చిత్రం. కెమెరా పట్టింది సోఫీ మాంతిన్యూ అనే కుర్ర వయసు అమ్మాయి. శబ్దం రికార్డు చేసిందీ, నిర్మాణం పనులు చూసిందీ కూడా ఆడవాళ్లే. మాటలు చాలావరకు నటులు అప్పటికప్పుడు అనుకుని చెప్పినవి. డెల్ఫీన్‌గా వేసిన మరీ రివియేర్‌కు రచనలో కూడా భాగం ఇచ్చారు. భోజనాల సీనులో ఆమె తడబాటు అంత సహజంగా ఉండడానికి కారణం అదే. రాసిచ్చిన డైలాగు అప్పజెప్పే మనిషి అలా తడబడదు.

ఇంతకీ డెల్ఫీన్ కష్టమేమిటి? వినడానికి చాలా చిన్నది. ఆమె ప్యారిస్‌లో ఒక ఆఫీసులో సెక్రటరీ. వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. గ్రీసు వెళ్దామని స్నేహితురాలితో కలిసి ఏర్పాట్లు చేసుకుంది. సరిగ్గా రెండు వారాల ముందు ఆ స్నేహితురాలు ఫోను చేసి ‘నేను మా వాడితో వెళ్తున్నా’ అంది. డెల్ఫీన్‌కు ‘మా వాడు’ లేడు. ఉన్నవాడు ఎప్పుడో దూరమయ్యాడు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి? ఎవరితో వెళ్లాలి?

‘ఓస్, ఇంతేనా! ఇంట్లో కూర్చోవచ్చుగా’ అనిపిస్తుంది మనకు. కానీ ఫ్రాన్సులో ఆగస్టు నెలంటే ప్యారిస్ సగం ఖాళీ అవుతుంది. 1936లో అక్కడి ప్రభుత్వం కార్మికులకు రెండు వారాలు జీతంతో కూడిన సెలవు చట్టం చేసింది. అది పెరిగి పెరిగి 1982 నాటికి ఐదు వారాలయింది. పోరాడి తెచ్చుకున్న హక్కు. అలాంటప్పుడు సెలవులు వాడుకోనివాళ్లను అక్కడ వింతగా చూస్తారు. సంక్రాంతికి పల్లెకు పోకుండా హైదరాబాదులో ఒంటరిగా ఉండిపోయిన మనిషిని తల్చుకోండి. షట్టర్లు దించిన వీధిలో టిఫిన్ సెంటర్ కోసం వెతుక్కునే ఆ ముఖమే డెల్ఫీన్ ముఖం.

అందరూ సలహాలిస్తారు. ఇంట్లోవాళ్లు ఐర్లండు రమ్మంటారు. ఒక స్నేహితురాలు నిలదీసి ‘నువ్వే ముడుచుకుపోతున్నావు, కాస్త కలుపుగోలుగా ఉండు’ అని క్లాసు పీకుతుంది. అక్కడే మొదటిసారి ఏడుస్తుంది డెల్ఫీన్. తర్వాత షేర్‌బూర్ వెళ్తుంది... పైన చెప్పిన భోజనాల సీను అక్కడిదే. నాలుగు రోజులకే వెనక్కి వస్తుంది. ఆల్ప్స్ కొండల్లోకి వెళ్తుంది. సామాను విప్పకుండా అదే రోజు తిరిగి వస్తుంది. చివరకు బియారిట్జ్ అనే బీచి ఊళ్లో ఎవరో తెలిసినవాళ్ల ఫ్లాటు దొరికితే అక్కడికి చేరుతుంది. అక్కడ స్వీడన్ నుంచి ఒంటరిగా వచ్చిన ఓ హుషారు పిల్ల పరిచయమవుతుంది. ఒంటరితనాన్ని ఆ పిల్ల పండగలా అనుభవిస్తోంది. ఇద్దరు కుర్రాళ్లను పిలిచి బల్ల దగ్గర కూర్చోబెడుతుంది కూడా. డెల్ఫీన్ ఒక్కసారిగా లేచి పరుగో పరుగు.

నిజం చెప్పాలంటే ఈ అమ్మాయి మీద చూసేవాళ్లకూ విసుగు పుడుతుంది. ఊయలెక్కమంటే వద్దంటుంది. పడవెక్కమంటే కడుపులో తిప్పుతుందంటుంది. ఆమెకు ఏం కావాలో ఆమెకే తెలియదు, ఏం వద్దో మాత్రం బాగా తెలుసు. మధ్యలో టీవీ కట్టేసేవాళ్లూ ఉంటారు. కానీ రోమేర్ గొప్పతనమంతా అక్కడే ఉంది. ఆ పిల్లను ఆయన ఎక్కడా తిట్టడు, జాలిపడడు, సరిదిద్దడు. ఊరికే వెంట నడుస్తాడు. తేదీలు వేసి డైరీలా చూపిస్తాడు. ఫలానా రోజు ఇక్కడ ఏడ్చింది, ఫలానా రోజు అక్కడ. అంతే.

ఈ రోమేర్ మహాశయుడి సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. అసలు పేరు మోరిస్ షేరేర్. 1920లో పుట్టాడు, 2010లో పోయాడు. ముందు సాహిత్యం బోధించే పంతులు. తర్వాత ‘కాయే దు సినెమా’ అనే పేరున్న సినిమా పత్రికకు సంపాదకుడు. సినిమాలు తీయడం తల్లికి నచ్చదని, పేరు మార్చుకుని తీశాడు. కొడుకు బడిపంతులనే అనుకుంటూ ఆవిడ కన్నుమూసిందని చెబుతారు. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా బతకడమంటే ఏమిటో ఆయనకూ తెలుసన్నమాట.

1981 నుంచి 1987 దాకా ‘హాస్యాలు, సామెతలు’ అనే వరుసలో ఆయన ఆరు సినిమాలు తీశాడు. ఒక్కోదానికి ఒక్కో సామెతో, కవితా పంక్తో ముందు పెట్టాడు. ఆకుపచ్చ కిరణం వాటిలో ఐదోది. రెండోదయిన ‘ల బో మరియాజ్’ మన ఇళ్లలో ఇంకా బాగా అర్థమవుతుంది. 1982లో వచ్చింది. పేరుకర్థం మంచి సంబంధం అనుకోవచ్చు. సబీన్ అనే అమ్మాయి పెళ్లయిన ఒక చిత్రకారుడితో ప్రేమ నడిపి విసిగిపోయి, ఒకరోజు ‘నేను పెళ్లి చేసుకుంటున్నా’ అని ప్రకటిస్తుంది. ఎవర్ని? అది ఇంకా తేలలేదు! స్నేహితురాలి బంధువైన ఒక లాయరును చూసి ఇతనే అని ఖాయం చేసేసుకుంటుంది. ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆయన ఆఫీసుకు వెళ్తుంది, ఫోన్లు చేస్తుంది, పార్టీకి పిలుస్తుంది. మన దగ్గర ఈ పనంతా చేయడానికి పెళ్లిళ్ల పేరయ్య ఉంటాడు, మేనమామలుంటారు. కుదరకపోతే తప్పు జాతకాల మీద తోసెయ్యవచ్చు. పాపం సబీన్‌కు ఆ వెసులుబాటు లేదు. తిరస్కారం కూడా స్వయంగా, ముఖాముఖి వినాల్సి వస్తుంది.

ఇలాంటి కథ మనవాళ్లెవరూ తీయలేదా అంటే... తీశారు. రోమేర్ కంటే ముప్ఫయ్యేళ్ల ముందే తీశారు. తీయించినాయన కడప జిల్లావాడు.

పొట్టిపాడులో 1912లో పుట్టిన బి.నాగిరెడ్డి ఇంటి వ్యాపారం ఎర్రగడ్డలను బర్మాకు ఎగుమతి చేయడం. ఎర్రగడ్డల నుంచి అచ్చుయంత్రాలకు, అక్కడినుంచి 1947లో ‘చందమామ’కు, ఆ తర్వాత చక్రపాణితో కలిసి విజయా సంస్థకు వచ్చారాయన. అన్న బి.ఎన్.రెడ్డి అప్పటికే వితంతు వివాహం మీద ‘సుమంగళి’ తీసి ఉన్నారు. అది 1940 నాటి మాట. ఆ అన్నదమ్ములిద్దరికీ తర్వాత ఫాల్కే అవార్డులు వచ్చాయి, అన్నకు 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986 సంవత్సరానికి. కడప సీమ నుంచి అంటే ఇప్పటి కుర్రకారుకు బాంబులూ సుమోలూ గుర్తొస్తాయి గానీ, తెలుగులో ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే సినిమా అన్నదానికి ఒక పద్ధతి ఏర్పరిచింది ఈ కడప మనిషీ, ఆ తెనాలి చక్రపాణీ.

1955 జనవరిలో వాళ్ల ‘మిస్సమ్మ’ వచ్చింది. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. మూలం ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం. తెలుగుతో పాటే తమిళంలోనూ తీశారు. 1957లో మీనాకుమారితో హిందీలోకీ వెళ్లింది. కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. అయినా ఒక్కసారి మేరీ వైపు నుంచి చూడండి. చదువుకున్న పిల్ల. ఉద్యోగం లేదు. ఇంటి మీద అప్పు ఉంది. అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెళ్లి చేసుకుంటానని వెంటపడుతున్నాడు. అప్పాపురంలో జమీందారుగారి బడికి టీచర్లు కావాలని పేపర్లో ప్రకటన పడింది. మంచి జీతం. ఒక్కటే షరతు, భార్యాభర్తలిద్దరూ పట్టభద్రులై ఉండాలి.

చదువుంది, మొగుడు లేడు. ఎం.టి.రావుకూ అదే చిక్కు, చదువుంది, పెళ్లాం లేదు. ఇద్దరూ ఒప్పందం చేసుకుని దొంగ దంపతులుగా ఊరు చేరతారు. ఇక అక్కడినుంచి సావిత్రి మొహంలో కోపం దిగితే ఒట్టు! బొట్టు పెట్టమంటే కోపం, పసుపూ కుంకుమా అంటే కోపం. నలుగురి ముందు భార్యాభర్తలు, తలుపేస్తే కీచులాట. ఆ మొగుడు సీతకు సంగీతం నేర్పితే మాత్రం ఎక్కడలేని ఉక్రోషం. ఆమె కోపం చూసి హాల్లో నవ్వని వాడు లేడు. తీరా ఆలోచిస్తే ఆ కోపంలో అబద్ధం ఎక్కడుంది? ఆమె పాఠం బాగా చెబుతుందా లేదా అని అప్పాపురంలో అడిగింది తక్కువ. ఆమె భార్యేనా కాదా అన్నదే అందరి పట్టింపు.

అన్నట్టు ఆ కోపం మొదట భానుమతి కోసం రాసింది. కొన్ని రీళ్లు తీశాక ఆమెకూ చక్రపాణికీ మాటపట్టింపు వచ్చింది. ఎవరూ తగ్గలేదు. తీసిన రీళ్లు పక్కకుపోయాయి. సీత వేషం వేయాల్సిన సావిత్రి మేరీ అయ్యింది, సీతగా జమున వచ్చింది. మేరీ పాత్రను వదిలేసుకున్న తీరులో భానుమతి అచ్చం మేరీలాగే ప్రవర్తించిందని ఆమె అభిమానులు సరదాగా అనుకోవచ్చు.

ఆ సినిమా విడుదలైన నాటికి ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆ హోదా ఉంది. మద్రాసు నుంచి ఆఫీసులు, ఫైళ్లు, గుమాస్తాలు అంతా వచ్చిపడ్డారు. కట్టడాలు చాలక డేరాల్లో ఆఫీసులు నడిపిన రోజులవి. అద్దె ఇల్లు దొరకడం గగనం. అలాంటి ఊళ్లో, ఉద్యోగం కోసం మొగుణ్ని అద్దెకు తెచ్చుకున్న పిల్ల కథ ఆడిందంటే, ఇంటి కోసం తిరిగి తిరిగి అలసి వచ్చి టిక్కెట్టు కొన్నవాళ్లకు అది ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవలసిందే.

డేరాలు పోయాయి. ‘ఓన్లీ ఫ్యామిలీస్’ బోర్డు మాత్రం పోలేదు. డీఎస్సీ రాసి, ర్యాంకు తెచ్చుకుని, పుట్టిన ఊరికి వంద కిలోమీటర్ల అవతల పోస్టింగు పడిన పెళ్లికాని టీచరమ్మ ఈ రెండు జిల్లాల్లో ఏ మండల కేంద్రంలో వెతికినా కనబడుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్తే మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు. ‘ఎంతమంది ఉంటారు?’ ఒక్కదాన్నే అంటే ఇంటావిడ లోపలికి వెళ్లి ఆయన్ని అడిగొస్తుంది. ‘మీ అమ్మను తెచ్చిపెట్టుకుంటావా?’ అని రెండో ప్రశ్న. ‘ఎవరూ వచ్చిపోరు గదా?’ అని మూడోది. ఎవరూ రాకపోతే దిక్కులేనిది, ఎవరైనా వస్తే హద్దులేనిది. బదిలీల కౌన్సెలింగుకు పోతే అక్కడ స్పౌజ్ పాయింట్లు. పెళ్లికాని టీచర్లకు కూడా కొన్ని విడతల్లో పాయింట్లు ఇచ్చారు. అవివాహితనని కాగితం మీద రాసిచ్చి, హాలంతా వినేలా చదివించుకుని తీసుకోవాలి వాటిని. అప్పాపురం జమీందారు ప్రకటనకూ దీనికీ మధ్య ఎంత దూరముందో కొలిచి చెప్పడం కష్టం.

శనివారం సాయంత్రం కర్నూలు బస్టాండులో కడప వైపు బస్సెక్కితే ఈ సినిమాలోని మరో ముక్క కనబడుతుంది. నంద్యాల దాటేసరికి పక్క సీటులోని పెద్దావిడ పలకరిస్తుంది.

‘యా ఊరు పాపా?’

‘ప్రొద్దుటూరు అవ్వా.’

‘ఈడ ఏం పని?’

‘టీచర్ని.’

‘మీ ఆయప్ప ఏం జేస్తాడు?’

‘ఇంగా పెండ్లి కాలేదవ్వా.’

‘అట్లనా...’ అని కాసేపు కిటికీలోంచి చూస్తుంది. ఆళ్లగడ్డ వస్తుంది. ‘ఎందుకు పాపా?’

ఈ ఎందుకుకు జవాబు లేదు. డెల్ఫీన్‌ను బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు అడిగిన ఎందుకులాంటిదే ఇది. కట్నం కుదరలేదంటే కట్నం గురించి మాట్లాడాలి. చేసుకోవాలని లేదంటే అంతకంటే పెద్ద కథ చెప్పాలి. తమ్ముడి చదువు అంటే త్యాగం చేసిందని జాలిపడతారు. ఏదీ నిజం కాకపోవచ్చు. కొన్నిసార్లు ఏ కారణమూ ఉండదు, అలా జరగలేదంతే. ఆ ముసలావిడ సంచి విప్పి ఉడకబెట్టిన బుడ్డలు గుప్పెడు తీసి పిల్ల చేతిలో పోస్తుంది. ‘తిను పాపా’ అంటుంది. ఆ బుడ్డలు పోసిన చేతిలో ప్రేమే ఉంది. అందుకే ఆ ప్రశ్న మీద కోప్పడటానికీ వీల్లేకుండా పోతుంది. మైదుకూరులో దిగేదాకా వొలుచుకుంటూ కూర్చోవడమే.

సినిమాల్లో సీమ ఆడపిల్లకు ఇలాంటి కష్టాలుండవు! ఆమెకు కష్టమంటే కత్తులే. 2003లో వచ్చిన ‘ఒక్కడు’లో కర్నూలు అమ్మాయి స్వప్నకు అమెరికా వెళ్లాలని ఉంటుంది. మెడ మీదికి ఓబుల్‌రెడ్డి పెళ్లి వచ్చి పడుతుంది. కొండారెడ్డి బురుజు దగ్గర హీరో వచ్చి చేయిపట్టి తీసుకుపోతాడు. ఈలలే ఈలలు. సినిమా బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ ఓబుల్‌రెడ్డి లేని స్వప్నల సంగతేమిటి? ఎవరూ తరమరు, ఎవరూ కాపాడరు. ఇంటికి పాలపాకెట్టు తెచ్చుకుని, జీతం పడ్డ రోజు అమ్మకు పంపి, ఆదివారం మధ్యాహ్నం ఏం చేయాలో తోచక కూర్చునే అమ్మాయి మీద మూడు గంటల సినిమా తీయడానికి సీమ నేపథ్యంలో ఇంకా ఎవరికీ ధైర్యం చాలలేదు. హైదరాబాదు నేపథ్యంలో శేఖర్ కమ్ముల 2004లో ‘ఆనంద్’ తీశారు. కాబోయే అత్తగారి మాట పడలేక, పక్కన నిలబడని పెళ్లికొడుకును వద్దనుకుని, పెళ్లిపీటల దాకా వచ్చిన సంబంధాన్ని వదిలేసి ఒక్కతే బతికే రూపను అందులో చూశాం. ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’తో పాటు అదే దసరాకు విడుదలై నిలబడింది ఆ చిన్న సినిమా.

మిస్సమ్మ ముగింపు దగ్గర మాత్రం ఒక చిన్న నొప్పి ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా ఉంటుంది. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మే ఈ మేరీ అని తేలుతుంది. దాంతో మతం అడ్డు పోయింది, అప్పు అడ్డు పోయింది, ఉద్యోగం అవసరమూ పోయింది. అబద్ధపు మొగుడు నిజం మొగుడయ్యాడు. అందరూ సంతోషించారు, ప్రేక్షకులు మరీ సంతోషించారు. కానీ పని వెతుక్కుంటూ బయల్దేరిన మేరీ ఏమైంది? ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆమెను ప్రశ్న అడగనవసరం లేని మనిషిగా మార్చేశారు. ఏ జమీందారు కూతురూ కాని మేరీలే కదా లోకంలో ఎక్కువ. ఈ ఒక్క మాట వల్ల మిస్సమ్మ విలువ తగ్గదు. అరవై డెబ్భయ్యేళ్ల తర్వాత కూడా సావిత్రి కోపం తాజాగానే ఉంది. ముగింపే పాతబడింది.

మరి రోమేర్ ఏం చేశాడు? ఆయనా చివరకు ఒక అబ్బాయిని తీసుకొచ్చాడు. అదీ ఒక రకంగా జమీందారుగారి పుట్టుమచ్చే అనుకోవచ్చు. కాకపోతే తెచ్చిన పద్ధతి వేరు.

బియారిట్జ్‌లో డెల్ఫీన్ గోడ పక్కన కూర్చుని ఉండగా కొందరు పెద్దవాళ్లు ఒక నవల గురించి మాట్లాడుకోవడం చెవినపడుతుంది. జూల్ వెర్న్ 1882లో రాసిన ‘ఆకుపచ్చ కిరణం’ అది. సూర్యుడు అస్తమించే ఆఖరి క్షణంలో ఒక్కోసారి పచ్చటి వెలుగు మెరుస్తుందని, అది చూసినవాళ్లకు తమ మనసూ ఎదుటివాళ్ల మనసూ తెలిసిపోతాయని అందులో నమ్మకం. ఆ నవల్లో నాయిక అది చూసేదాకా పెళ్లి ఊసెత్తవద్దంటుంది. స్కాట్లండ్ తీరమంతా తిరుగుతుంది. చివరకు ఆకాశంలో కిరణం మెరిసిన వేళకు ఆమే, ఆ కుర్రాడూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ ఉండిపోయి, అసలు దాన్నే చూడరు!

నమ్మకం సంగతి ఎలా ఉన్నా కిరణం మాత్రం నిజం. భూమి చుట్టూ ఉన్న గాలి పొర పట్టకంలా పనిచేసి సూర్యుడి వెలుగును రంగులుగా విడదీస్తుంది. సూర్యబింబం దిగుతున్నప్పుడు ఎరుపు, పసుపు ముందు మునుగుతాయి. నీలం, ఊదా దారిలోనే గాలిలో చెదిరిపోతాయి. ఆఖరికి మిగిలేది ఆకుపచ్చ. అదీ ఒకటి రెండు సెకన్లే. ఆకాశం తేటగా ఉండాలి, దిగంతం దూరంగా, గీత గీసినట్టు స్పష్టంగా ఉండాలి. అందుకే ఎక్కువగా సముద్రం మీద కనబడుతుంది. సినిమాలో ఇదంతా ఒక పెద్దాయన తీరిగ్గా వివరిస్తాడు. డెల్ఫీన్ పక్కనుంచి వింటుంది. ఎవరూ ఆమెను ఏమీ అడగని సందర్భం సినిమా మొత్తంలో అదొక్కటేనేమో. చూడండి, అక్కడ ఆమె ముఖం ఎంత తేటగా ఉంటుందో.

సెలవులు అయిపోయాయి. ప్యారిస్ రైలు కోసం స్టేషన్లో కూర్చుని దోస్తోయెవ్‌స్కీ ‘ఇడియట్’ చదువుకుంటోంది. ఎదురుగా ఒక కుర్రాడు. చెక్కపని చేసేవాడు. పుస్తకం గురించి అడుగుతాడు. పెళ్లయిందా, ఎందుకు కాలేదు అని అడగడు. అతను పక్కనే ఉన్న సాఁ-జాఁ-ద-లూజ్ అనే చేపలరేవుకు వెళ్తున్నానంటే, ‘నేనూ రావచ్చా?’ అని ఆమే అడుగుతుంది. సినిమా అంతా వద్దు, వద్దు అన్న మనిషి. ఆ ఊళ్లో ఒక దుకాణానికి ‘ఆకుపచ్చ కిరణం’ అని బోర్డు ఉంటుంది. ఇద్దరూ సముద్రం గట్టున కూర్చుంటారు. అతనేదో మాట్లాడబోతే కాసేపు ఆగమంటుంది. కళ్లనిండా నీళ్లు. సూర్యుడు సగం మునిగాడు... ముప్పాతిక మునిగాడు...

ఆ తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారా, రెండు రోజులకే విడిపోయారా అనేది రోమేర్ చెప్పడు. చిన్న కేక ఒకటి వినిపిస్తుంది, సినిమా అయిపోతుంది.

ఆ కిరణాన్ని తెర మీదికి తేవడానికి చాలా తిప్పలు పడ్డారు. నటులున్న రోజున దొరకలేదు. తర్వాత కానరీ దీవులకు మనిషిని పంపి, సూర్యాస్తమయాలను వెంటాడి పట్టుకొచ్చి అతికించారు. ఫ్రాన్సులో ఈ సినిమా థియేటర్ల కంటే కొద్దిరోజుల ముందే టీవీలో వేశారు. చిన్న టీవీలో ఆ పచ్చదనం సరిగా తెలియదు. తెలిసినా, సరిగ్గా అప్పుడే ఎవరైనా కాఫీ కప్పు అందిస్తే తీసుకోవడానికి తల తిప్పినంతసేపట్లో అయిపోతుంది.